పుర్రె దొరికింది, బరువు దొరకలేదు

2019 ఏప్రిల్‌లో కెన్యా నుంచి వచ్చిన వార్త ఒకటి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ధ్రువపు ఎలుగుబంటి కన్నా పెద్ద మాంసాహారి శిలాజం దొరికిందని, బరువు టన్నున్నర ఉంటుందని ప్రపంచమంతా హోరెత్తింది. పశ్చిమ కెన్యాలోని మెస్వా బ్రిడ్జ్ దగ్గర ఎప్పుడో దశాబ్దాల కిందట తవ్వి తీసిన ఎముకలవి. నైరోబీ నేషనల్ మ్యూజియంలో ఒక సొరుగులో పడి ఉన్నాయి. మాథ్యూ బోర్త్స్, నాన్సీ స్టీవెన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వాటిని పరీక్షించి, ఇది అప్పటిదాకా ఎవరూ పేరు పెట్టని జంతువని తేల్చారు. సింబాకుబ్వా అని పేరు పెట్టారు. సుమారు 2.2 కోట్ల ఏళ్ల నాటిది. హయనోడాంట్లు అనే పూర్తిగా అంతరించిన వంశానికి చెందినది.

వార్తల్లో టన్నున్నర చూసి అసలు పేపరు వెతుక్కుని చదివాను. అందులో బరువు ఒకటి కాదు. ఒక సమీకరణంలో ఆ జంతువు పంటి కొలత వేస్తే 280 కిలోలు వచ్చింది. అదే పంటిని ఇంకో సమీకరణంలో వేస్తే 1,300 కిలోలు దాటింది, మరోదాంట్లో 1,500 కూడా దాటింది. పరిశోధకులు ఏదీ దాచలేదు, అన్నీ రాశారు. పేపరు దాటి బయటికి వచ్చేసరికి మాత్రం 280 మాయమైపోయింది, టన్నున్నర మిగిలింది. 280 కిలోలంటే పెద్ద మగపులి. టన్నున్నర అంటే నేల మీద ఈరోజు బతికున్న ఏ మాంసాహారీ దరిదాపుల్లోకి రాని సైజు. ఈ రెండింటికీ మధ్య ఐదు రెట్ల తేడా ఉంది. అంత తేడా ఉన్నప్పుడు పైదొక్కటే పట్టుకుని జనానికి చెప్పడం తప్పని నా అభిప్రాయం. ఆ మాటే ఇక్కడ కొంచెం వివరంగా చెప్తాను.

ముందు ఈ లెక్కలు ఎలా వేస్తారో చూద్దాం. చచ్చిపోయి కోట్ల ఏళ్లయిన జంతువుని కాటా మీద నిలబెట్టలేం. అందుకని బతికున్న జంతువుల్ని తీసుకుంటారు. తోడేళ్లు, హైనాలు, సింహాలు, ఎలుగుబంట్లు, ముంగిసలు, ఇలా బరువు తెలిసినవాటి ఎముకలు కొలుస్తారు. ఎముక కొలత పెరిగేకొద్దీ బరువు ఎలా పెరుగుతోందో గ్రాఫు మీద ఒక గీత గీస్తారు. ఆ తర్వాత శిలాజం కొలత తెచ్చి ఆ గీత మీద పెట్టి, బరువు చదువుతారు. మాంసాహారుల విషయంలో చాలామంది ఆధారపడేది బ్లెయిర్ వాన్ వాల్కెన్‌బర్గ్ 1990లో ఇచ్చిన గీతల మీద. ఆవిడ తల నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవు, పుర్రెలో కంటిగుంట నుంచి వెనక కొస దాకా ఉన్న పొడవు, కింది దవడలో మాంసం కోసే పెద్ద పన్ను పొడవు తీసుకున్నారు. ఇంకోపక్క 1985లో ఆండర్సన్, ఆయన సహచరులు కాళ్ల ఎముకల చుట్టుకొలతల నుంచి బరువు లాగే సూత్రం ఇచ్చారు. నాలుగు కాళ్ల జంతువు అయితే ముందుకాలి పై ఎముక, తొడ ఎముక చుట్టుకొలతలు మిల్లీమీటర్లలో కలిపి, దాన్ని 2.73 ఘాతానికి పెంచి, 0.078తో గుణిస్తే గ్రాముల్లో బరువు వస్తుంది. డైనోసార్ల దాకా అందరూ వాడిన సూత్రమది.

ఈ లెక్కల్లో అసలు చిక్కంతా ఆ ఘాతంలోనే ఉంది. పొడవు పెరిగితే బరువు దాదాపు దాని ఘనంతో పెరుగుతుంది. జంతువు పొడవు మీరు పది శాతం ఎక్కువ అనుకుంటే బరువు 33 శాతం ఎక్కువ అయిపోతుంది. పొడవు ముప్ఫై శాతం తేడా వస్తే బరువు రెట్టింపు దాటుతుంది. సైజు విషయంలో చిన్న పొరపాటనేది ఉండదు.

నేను పశువైద్యుణ్ణి. ప్రకాశం జిల్లాలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మా దగ్గర ఊళ్లల్లో వేబ్రిడ్జి ఉండదు, పశువుల కాటా అసలే ఉండదు. నట్టల మందు వెయ్యాలన్నా, మత్తుమందు ఇవ్వాలన్నా బరువు తెలియాలి. "డాక్టరు గారూ, ఈ గిత్త ఎంత తూగుద్దండీ?" అని రైతు అడిగితే టేపు తీస్తాం. మూపురం వెనకగా, ముందుకాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టూ కొలుస్తాం. భుజం ముందు నుంచి వెనక పిరుదు ఎముక దాకా పొడవు కొలుస్తాం. అంగుళాల్లో చుట్టుకొలత వర్గాన్ని పొడవుతో గుణించి 300తో భాగిస్తే పౌన్లలో బరువు. షేఫర్ సూత్రం అంటారు దీన్ని. 58 అంగుళాల పొడవు, 72 అంగుళాల ఛాతీ ఉన్న ఒంగోలు గిత్త అయితే సుమారు 455 కిలోలు. అదే టేపు కాస్త వదులుగా పట్టుకుని ఛాతీ 75 అన్నామా, 490 దాటిపోతుంది. మూడంగుళాలకి నలభై కిలోల దాకా తేడా. ఇది కళ్ల ముందు నిలబడి మేత నెమరేస్తున్న జంతువు సంగతి. ఇంక కొన్ని టేపుల మీద అంగుళాల పక్కనే కిలోలు అచ్చువేసి ఉంటాయి. విదేశీ పాడి ఆవుల్ని చూసి తయారుచేసిన అలాంటి టేపుని మీటరు ఎత్తు కూడా లేని పుంగనూరు ఆవుకి చుట్టినా అది ఏదో ఒక అంకె చూపిస్తుంది. ఇది వేరే ఒళ్లు, నా లెక్క దీనికి కుదరదు అని టేపు చెప్పదు. ఆ మాట చెప్పాల్సింది టేపు పట్టుకున్న మనిషే.

పంటి నుంచి సింబాకుబ్వా బరువు తీసే సమీకరణాలు కూడా అలాంటివే. ఏ జంతువుల మీద ఆ గీత గీశారో, ఆ జంతువుల ఒంటి తీరుకే అది కట్టుబడి ఉంటుంది.

ఈ విషయం అన్నిటికన్నా బాగా తెలిసేది ఆండ్రూసార్కస్ దగ్గర. "భూమ్మీద నడిచిన అతిపెద్ద మాంసాహార క్షీరదం" అని పిల్లల పుస్తకాల్లో, డాక్యుమెంటరీల్లో, ఇప్పుడు రీల్స్‌లో కూడా దీని బొమ్మ కనిపిస్తుంది. పెద్ద తోడేలు లాంటి ఒళ్లు, దానికి మొసలంత మూతి, కాళ్లకి గిట్టలు. చూసినవాళ్లు మర్చిపోలేని బొమ్మ. ఆ బొమ్మకి ఆధారం మెడ నుంచి కింద ఒక్క ఎముక కూడా లేదు. 1923లో అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ వాళ్ల మధ్య ఆసియా యాత్ర మంగోలియా ప్రాంతంలో తిరుగుతున్నప్పుడు, ఇప్పుడు ఇన్నర్ మంగోలియాలో ఉన్న ఇర్దిన్ మన్హా దగ్గర కాన్ చువెన్ పావ్ అనే చైనా సహాయకుడికి ఒక పుర్రె దొరికింది. పొడవు 83.4 సెంటీమీటర్లు. కింది దవడ లేదు. జంతువుకి యాత్ర నాయకుడు రాయ్ చాప్‌మన్ ఆండ్రూస్ పేరు పెట్టారు. దాన్ని కళ్లారా కనిపెట్టిన మనిషి పేరు చాలా పుస్తకాల్లో ఉండదు, అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

1924లో హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్‌బర్న్ అనే శిలాజ శాస్త్రవేత్త దాన్ని వర్ణిస్తూ, ఇది మెసోనిక్స్ అనే మరో అంతరించిన జంతువుకి బంధువనుకున్నారు. మెసోనిక్స్‌లో పుర్రెకీ ఒంటికీ ఏ నిష్పత్తి ఉందో అదే దీనికీ ఉందనుకుని లెక్క వేశారు. మూతి నుంచి తుంటి వెనక దాకా 3.82 మీటర్లు, భుజం దగ్గర ఎత్తు 1.89 మీటర్లు వచ్చింది. ఆనాటికి అది సబబైన ఊహే. ఆయన ఏ జంతువుతో పోల్చారో కూడా దాచకుండా చెప్పారు. అయితే తర్వాతి దశాబ్దాల్లో ఆ బంధుత్వం నిలబడలేదు. ఇప్పుడు ఆండ్రూసార్కస్‌ని ఎంటెలోడాంట్లు, నీటిగుర్రాలు, తిమింగలాలు ఉన్న కొమ్మ దగ్గర పెడుతున్నారు. ఎంటెలోడాంట్లంటే పంది లాంటి మూతితో ఉండే పాతకాలపు జంతువులు. ఒంటికి తగని పెద్ద తలలు వాటివి. వంశం మారింది కాబట్టి తలకీ ఒంటికీ ఉన్న నిష్పత్తి కూడా మారాలి. నిష్పత్తి మారితే 3.82 మీటర్లకి ఆధారం పోయినట్టే. పిల్లల పుస్తకాల్లో వంశం మార్చారు కానీ సైజు మార్చలేదు.

నేను చేతికి అందిన జంతువులతో లెక్క వేసి చూశాను. 35 సెంటీమీటర్ల పుర్రె, 200 కిలోల ఒళ్లు ఉన్న మగపులిని అదే ఆకారంలో 83.4 సెంటీమీటర్ల పుర్రె వచ్చేదాకా పెంచితే 2,700 కిలోలు అవుతుంది. 60 సెంటీమీటర్ల తల ఉన్న 450 కిలోల గుర్రాన్ని పెంచితే 1,200. సుమారు 40 సెంటీమీటర్ల పుర్రె, క్వింటాలు బరువు ఉన్న మగ అడవిపందిని పెంచితే 900. పుర్రె ఒక్కటే, బరువు మూడు రకాలు. పోనీ ఆస్‌బర్న్ లెక్కనే తీసుకుందాం. ఆయన ప్రకారం తల, మొత్తం పొడవులో నాలుగున్నరో వంతు. తల మూడో వంతు ఉండే జంతువనుకుంటే పొడవు రెండున్నర మీటర్లకి దిగుతుంది. మిగతా పోలిక అలాగే ఉందనుకున్నా బరువు ఆయన జంతువులో 28 శాతమే మిగులుతుంది. ఇందులో ఏది నిజమో ఆ పుర్రెని ఎంతసేపు కొలిచినా తెలియదు, ఎందుకంటే ఆ సమాచారం పుర్రెలో లేదు.

అందుకే ఆండ్రూసార్కస్‌కి బరువు రాయొద్దంటాను. "పుర్రె 83.4 సెంటీమీటర్లు, ఇంకేమీ దొరకలేదు" అని రాస్తే చాలు. పులి పుర్రెకి రెండున్నర రెట్లకి దగ్గరగా ఉన్న తల అంటే అదేమన్నా తక్కువ విశేషమా?

మళ్లీ హయనోడాంట్ల దగ్గరికి వద్దాం. వీటితో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, పళ్లు. పులి, కుక్క, ఎలుగు వంశంలో మాంసం కోసే పని ప్రతి పక్కా ఒక జత పళ్లదే. పైన ఒకటి, కింద ఒకటి. హయనోడాంట్లకి అలాంటి జతలు ఒకదాని వెనక ఒకటి మూడు ఉంటాయి, వెనక్కి పోయేకొద్దీ పెద్దవవుతాయి. మరి కుక్క కోత పంటి నుంచి గీసిన గీత మీద హయనోడాంట్ మూడో పన్ను పెట్టొచ్చా? రెండూ చేసే పని ఒకటే కావచ్చు, దవడలో వాటి చోటు వేరు, ఒంటితో వాటి సంబంధం వేరు. రెండు, తలలు. నవోకో ఎగి 2001లో ఉత్తర అమెరికా హయనోడాంట్ల కాళ్ల ఎముకలు కొలిచి బరువులు వేశారు. పుర్రె, పళ్ల నుంచి వచ్చే బరువు కన్నా కాళ్లు చెప్పే బరువు తక్కువ. అంటే ఆ జంతువులకి ఒంటికి మించిన తలలున్నాయన్నమాట. తల పెద్దదైన వంశంలో తలని చూసి బరువు చెప్తే ప్రతిసారీ పైకే తేలుతుంది. ఇది అటూ ఇటూ పడే తప్పు కాదు, ఎప్పుడూ ఒకే వైపు లాగే తప్పు. సగటు తీసినా పోదు.

లిబియాలోని జెబెల్ జెల్టెన్ నుంచి ఆర్.జె.జి. సావేజ్ 1973లో వర్ణించిన మెజిస్టోథీరియం అనే మరో హయనోడాంట్ సంగతీ ఇంతే. పుర్రె 66 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. బరువు 880 కిలోలని ఒక చోట, 500 కిలోలని మరో చోట కనిపిస్తుంది. సింబాకుబ్వా కూడా ఈ వంశమే కాబట్టి, నన్ను అడిగితే 280కీ 1,500కీ మధ్య కింది సగంలోనే ఎక్కడో దాని నిజమైన బరువు ఉంటుందని నమ్ముతాను. నమ్మకమే, రుజువు కాదు. కానీ టన్నున్నర అనడానికి మాత్రం ఇంతపాటి కారణం కూడా లేదు.

ఇంతా చెప్పి, కాళ్ల ఎముకలుంటే సమస్య తీరిపోతుందని అంటే అది కూడా నిజం కాదు. కాలి ఎముక ఒంటిని మోసేది కాబట్టి దాని మాట ఎక్కువ నమ్మొచ్చు, అంతవరకే. లాస్ ఏంజెలెస్‌లోని రాంచో లా బ్రేయా తారు గుంటల్లో కత్తి కోరల పిల్లి స్మైలోడాన్ ఫాటాలిస్ ఎముకలు రెండు వేలకి పైగా జంతువులవి దొరికాయి. ఏ ఎముక కావాలంటే ఆ ఎముక, ఎన్ని కావాలంటే అన్ని. శిలాజాల్లో ఇంతకన్నా భాగ్యం ఉండదు. అయినా 1993లో అన్యోంగే కాళ్ల ఎముకల కొలతలతో లెక్క వేస్తే 347 నుంచి 442 కిలోలు వచ్చింది. 2005లో క్రిస్టియన్‌సెన్, హ్యారిస్ ఇంకా ఎక్కువ కొలతలు తీసుకుని చేస్తే 160 నుంచి 280 కిలోలే వచ్చింది. రెండు రేంజ్‌లూ ఎక్కడా కలవను కూడా కలవవు. స్మైలోడాన్ ఎముకలు చాలా మందం. ముఖ్యంగా ముందుకాళ్లవి, అదే పొడవున్న పులి ఎముకల కన్నా బలిష్ఠంగా ఉంటాయి. పెద్ద కోరలు విరగకుండా ఉండాలంటే వేటని ముందుకాళ్లతో కదలకుండా అదిమిపట్టాలి, ఆ పని కోసం పెరిగిన మందం అది. ఆ మందాన్నంతా ఒంటి బరువు మొయ్యడానికే అనుకుంటే జంతువు బరువు పెరిగిపోతుంది.

అర్జెంటీనా ఎలుగు కథ ఇంకా పెద్దది. 1935లో లా ప్లాటా నగరంలో ఆసుపత్రి కట్టడానికి పునాదులు తవ్వుతుంటే బయటపడిన ఎముకలవి. ఆర్క్టోథీరియం అంగుస్టిడెన్స్ అనే పొట్టి మూతి ఎలుగు. 2011లో లియోపోల్డో సోయిబెల్‌జోన్, బ్లెయిన్ షూబర్ట్ దాని ముందుకాలి ఎముకని కొలిచి బరువు వేశారు. ఒకే ఎముక మీద వేర్వేరు కొలతలు తీస్తే 983 కిలోల నుంచి 2,042 కిలోల దాకా వచ్చింది. వాటిలో తమకి ఎక్కువ నమ్మకమున్నది 1,588 నుంచి 1,749 దాకా అని రాశారు. ఒక జంతువు, ఒక ఎముక. టేపు ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి టన్ను తేడా. దీన్ని వాళ్ల లోపంగా నేను చూడను. వచ్చిన ప్రతి అంకెనీ బయటపెట్టి, తమ ఎంపిక ఏదో, ఎందుకో చెప్పడం చాలా నిజాయితీ ఉన్న పని.

అసలు బతికున్న జాతికే ఒక్క బరువు ఉండదన్న సంగతి కూడా మనం మర్చిపోతాం. మన పులినే తీసుకోండి. నేపాల్ చిత్వన్‌లో మత్తిచ్చి తూచిన మగపులులు 200 కిలోలు బాగా దాటాయి. సుందర్‌బన్స్ మడ అడవుల్లో తూచిన ఆడపులులు 75, 80 కిలోల దగ్గర ఆగాయి. రెండూ బెంగాల్ పులులే. కోటి ఏళ్ల తర్వాత ఎవరికో సుందర్‌బన్స్ ఆడపులి దవడ ఒక్కటే దొరికితే పులి అంటే చిరుత కన్నా కాస్త పెద్ద జంతువని రాస్తారు. చిత్వన్ మగపులి దొరికితే ఇంకోలా రాస్తారు. శిలాజాల్లో చాలా జాతుల గురించి మన దగ్గర ఉన్నది ఒకటో రెండో జంతువుల ఎముకలే. దాన్ని జాతి మొత్తానికి సగటు బరువుగా రాసేస్తున్నాం.

ఇప్పటి నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గరి బిళ్లసర్గం గుహల్లో 1884 ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వించిన ఎముకల్లో మచ్చల హైనా కూడా ఉందని శిలాజ శాస్త్రవేత్త లిడెక్కర్ గుర్తించాడు. ఆ జంతువు ఇప్పుడు ఆఫ్రికాలోనే ఉంది, మన నేల మీద లేదు. కానీ జాతి బతికే ఉంది కాబట్టి దాని పంటి నుంచి బరువు చెప్తే నేను పెద్దగా అభ్యంతరపెట్టను. పోల్చడానికి అదే జంతువు ఉంది. పోల్చే జంతువు ఎంత దూరమైతే అంకె మీద నమ్మకం అంత తగ్గాలి.

ఇదంతా విని "కిలోల గురించి ఇంత పంతమెందుకు, వంద అటైతే ఏంటి ఇటైతే ఏంటి" అని మిత్రులు అంటుంటారు. థైలసీన్ కథ చదివితే అలా అనరు.

థైలసీన్ అంటే టాస్మేనియా పులి. పేరుకే పులి, నిజానికి కంగారూలా సంచిలో పిల్లల్ని మోసే జంతువు. చూడ్డానికి వీపు మీద చారలున్న కుక్కలా ఉంటుంది. గొర్రెల్ని చంపేస్తోందని టాస్మేనియా ప్రభుత్వం 1888 నుంచి 1909 దాకా చంపిన ఒక్కో పెద్ద జంతువుకి ఒక బ్రిటిష్ పౌను డబ్బు చొప్పున బహుమతి ఇచ్చింది. రెండు వేలకి పైగా బహుమతులు చెల్లించింది. చివరిది 1936 సెప్టెంబరు 7న హోబర్ట్ జూలో చచ్చిపోయింది. ఫొటోలున్నాయి, సినిమా రీళ్లున్నాయి, మ్యూజియంలలో చర్మాలున్నాయి, అస్థిపంజరాలున్నాయి. ఇంత దగ్గరి కాలంలో, మనుషుల మధ్య బతికిన జంతువు. అయినా దాన్ని సరిగ్గా తూచి రాసిపెట్టినవాళ్లు బహు తక్కువ. దశాబ్దాల పాటు శాస్త్రవేత్తలు వాడుకున్న సగటు 29.5 కిలోలు.

2020లో డగ్లస్ రోవిన్‌స్కీ, ఆయన సహచరులు ప్రపంచంలోని మ్యూజియంలలో ఉన్న 93 పెద్ద థైలసీన్ల అవశేషాల్ని పరిశీలించారు. అస్థిపంజరాల్నీ, చర్మంతో నిలబెట్టిన నమూనాల్నీ త్రీడీ స్కాన్ చేసి, ఒంటి ఘనపరిమాణం లెక్కకట్టి, అక్కడి నుంచి బరువుకి వచ్చారు. సగటు 16.7 కిలోలు. మగవి 19.7, ఆడవి 13.7. మనుషులు చూసిన జంతువు బరువే పాత లెక్కల్లో దాదాపు రెట్టింపు అయి కూర్చుంది.

ఈ పదమూడు కిలోలతో ఏం మారిందో చూడండి. 1999లో క్రిస్ కార్బోన్, ఆయన సహచరులు నేల మీది మాంసాహారుల తిండిని పరిశీలించి ఒక గీత కనిపెట్టారు. ఇంచుమించు 21 కిలోలకి లోపున్న వేటజంతువులు చాలావరకు తమకన్నా బాగా చిన్నవాటితోనే కడుపు నింపుకుంటాయి, పురుగులూ ఎలుకలూ లాంటివి. ఆ బరువు దాటినవి తమంత జంతువుల్ని, తమకన్నా పెద్దవాటిని పడగొట్టక తప్పదు. లేకపోతే వేటలో ఖర్చయ్యే శక్తి కూడా తిరిగి రాదు. 29.5 కిలోల థైలసీన్ గీతకి అవతల ఉండేది, తోడేలు పక్కన. 16.7 కిలోల థైలసీన్ ఇవతల ఉంటుంది, నక్కల వైపు. ఒక్క గొర్రెపిల్లని కూడా ముట్టలేదని నేను అనను. కానీ మందల మీద పడి పెద్ద గొర్రెల్ని వరసగా చంపే రాక్షసి అన్న బొమ్మ ఇప్పుడు నిలబడడం కష్టం. ఆ బొమ్మ మీదే రెండు వేల తలలకి డబ్బు చెల్లించారు. బరువు లెక్క తప్పయినందువల్లే అది అంతరించిందని కాదు, చంపినవాళ్లు లెక్కలు చూసి చంపలేదు. కానీ తర్వాత ఎనభై ఏళ్లు మనం కూడా ఆ జంతువుని వాళ్లు చూసినట్టే చూశాం. అది నన్ను చాలా కలవరపెడుతుంది.

పై కొసన కూడా ఇలాంటి గీతే ఉంది. కార్బోన్ బృందమే 2007లో వేటకి అయ్యే ఖర్చు, వచ్చే తిండి బేరీజు వేసి, నేల మీద మాంసం మీదే బతికే క్షీరదం దాదాపు ఒక టన్ను కన్నా పెద్దది కావడం కష్టమని తేల్చింది. దాని ప్రకారం చూస్తే టన్నున్నర సింబాకుబ్వా ఎలా బతికిందో చెప్పడానికి ఇంకో సిద్ధాంతం కావాలి. 300, 400 కిలోల సింబాకుబ్వాకి ఏ సిద్ధాంతమూ అక్కర్లేదు. ఎలుగుల సంగతి వేరు, అవి దొరికిన దుంపా పండూ కూడా తింటాయి. ఇక్కడ ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇలాంటి సిద్ధాంతాల్ని సరిచూసుకోవడానికి అంతరించిన జంతువుల బరువుల్నే తెచ్చి పక్కన పెడతారు. ఆ బరువులే పంటి నుంచి, పుర్రె నుంచి వచ్చినవైతే, ఒక అంచనాకి ఇంకో అంచనా సాక్ష్యం చెప్తుంది. వాతావరణం మారితే వేటజంతువులు ఎలా మారాయి, పెద్దవి ముందు ఎందుకు అంతరించాయి లాంటి పెద్ద ప్రశ్నలన్నీ ఈ బరువుల పట్టికల మీదే నడుస్తున్నాయి. పట్టికలో ఒక గడిలో 1,000 అని ఉంటుంది. అది తొడ ఎముక నుంచి వచ్చిందో, ఒక్క పంటి నుంచి వచ్చిందో, నూరేళ్ల కిందటి పోలిక నుంచి వచ్చిందో ఆ గడి చెప్పదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. తెలుగులో ఈ జంతువుల గురించి రాసేవాళ్లు, వీడియోలు చేసేవాళ్లు బరువు చెప్పినప్పుడల్లా రెండు ముక్కలు కలపాలి. దొరికిన ఎముక ఏది, పోల్చింది ఏ జంతువుతో. "సింబాకుబ్వా, దవడ, పళ్ల నుంచి లెక్క, 280 నుంచి 1,500 కిలోలు" అంటే ఒక వాక్యమే. మొదటిసారి వినే పిల్లలకి కూడా అర్థమవుతుంది. రేంజ్ చెప్తే బోరు కొడుతుంది, పెద్ద అంకె చెప్తేనే పిల్లలు వింటారు అంటారు. నేను ఒప్పుకోను. మా ఊరి హైస్కూల్లో పిల్లలకి ఈ పులి, గుర్రం, పంది లెక్క బోర్డు మీద చేసి చూపించాను. ఒకే పుర్రెకి మూడు బరువులు రాగానే క్లాసంతా లేచి వాదనకి దిగింది. తల పెద్ద జంతువులేవి, చిన్న తలవేవి అని గేదె నుంచి ఒంటె దాకా వాళ్లే జాబితా వేసుకున్నారు. ఒక అమ్మాయి, "దాని కాలి ఎముక ఒక్కటి దొరికితే తేలిపోతుందా సార్?" అని అడిగింది. పూర్తిగా తేలదు, స్మైలోడాన్‌కి వేల ఎముకలున్నా ఇంకా వాదన నడుస్తూనే ఉంది అన్నాను. "అయితే ఒక్కటి కాదు సార్, ముందుకాలిదీ వెనకకాలిదీ రెండూ కావాలి" అంది.

ఆండర్సన్ సూత్రానికి కావాల్సినవి సరిగ్గా ఆ రెండే.